చెయ్యి తెగకముందే రాసుకోవలసిన లెక్క

నూర్పిడి మిషను మోత ఊరంతా వినిపిస్తుంది. దానికి ఎవరూ ఉలిక్కిపడరు. ఆ మోత ఉన్నట్టుండి ఆగిపోతేనే ఇళ్ళలో ఉన్నవాళ్ళు వాకిట్లోకి వస్తారు. బెల్టు తెగిందా, డీజిలు అయిపోయిందా అని కాదు వాళ్ళ భయం. కళ్ళంలో ఎవరి చెయ్యి పోయిందోనని.

వరి కోతకు పెద్ద హార్వెస్టర్లు వచ్చాయి. అయినా కంది, మినుము, పెసర, జొన్న, మొక్కజొన్న నూర్చడానికి ట్రాక్టరుకు తగిలించే మిషన్లు నేటికీ తిరుగుతూనే ఉన్నాయి. సీజను వస్తే వాటికి పగలూ రాత్రీ లేదు. ఒక కళ్ళం కాగానే మరో కళ్ళం. వంతు ఎప్పుడు వస్తే అప్పుడే నూర్చుకోవాలి. అర్ధరాత్రి దాటాక వంతు వచ్చినా కాదనడానికి వీల్లేదు. మబ్బు పట్టిందంటే మరీ తొందర. పొద్దుటి నుంచి పొలంలో వంగి పనిచేసిన మనిషే రాత్రి రెండు గంటలకు మిషను ముందు నిలబడి పనలు అందిస్తుంటుంది. కళ్ళు మూతలు పడుతుంటాయి. డ్రమ్ముకు మాత్రం నిద్ర రాదు.

ప్రమాదం జరిగిన మర్నాడు ఊళ్ళో వినిపించే మాట ఒక్కటే: "చూసుకోవద్దా?" అంటే తప్పు కూలీదేనని తీర్పు అయిపోయినట్టే. రెండు రోజులు గడిచాక అదే మిషను మరో కళ్ళంలో తిరుగుతుంది. అదే రేకు, అదే డ్రమ్ము, మనిషి మాత్రం వేరు.

ఈ తీర్పు తప్పని, తప్పు వెతకవలసిన చోటు కళ్ళం కాదని, మిషను తయారైన షెడ్డు అని చెప్పే పద్ధతి ఒకటి ఉంది. పెద్ద పెద్ద ఫ్యాక్టరీలు దాన్ని ఏనాటి నుంచో పాటిస్తున్నాయి. ఇంగ్లీషు పేరు పొడుగ్గా ఉంటుంది కాబట్టి పొడి అక్షరాల్లో ఎఫ్.ఎం.ఇ.ఎ. అంటారు. తెలుగులో చెప్పుకోవాలంటే 'ఏది ఎలా చెడవచ్చు, చెడితే ఏమవుతుంది' అని ముందుగా రాసుకునే లెక్క. దీనికి కావలసింది ఒక కాగితం, ఒక పెన్సిలు, దాపరికం లేకుండా మాట్లాడే నలుగురైదుగురు మనుషులు.

యుద్ధ విమానాల నుంచి మోటారు కార్లకు

ఈ పద్ధతికి పుట్టిల్లు అమెరికా సైన్యం. 1949 నవంబరులో సైన్యం ఒక నియమావళి వెలువరించింది. ఏ యంత్రమైనా చెడిపోయేదాకా ఆగి, తరువాత కారణం వెతకడం కాదు. కాగితం మీద బొమ్మగా ఉన్నప్పుడే ఒక్కొక్క భాగాన్నీ పట్టుకుని 'ఇది ఎన్ని విధాలుగా చెడవచ్చు' అని అడగాలన్నది దాని సారాంశం. 1960 దశకంలో చంద్రుడి మీదకు మనుషులను పంపిన అపోలో పథకంలో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఇదే పద్ధతిని వాడింది. ఆకాశంలోకి వెళ్ళాక మరమ్మతుకు మేస్త్రీ దొరకడు కదా.

కార్ల పరిశ్రమ ఆలస్యంగా మేలుకొంది. ఫోర్డు కంపెనీ పింటో అనే చిన్నకారులో పెట్రోలు ట్యాంకు వెనక ఇరుసుకు వెనకవైపున ఉండేది. వెనకనుంచి మరో బండి గుద్దితే ట్యాంకు చితికి మంటలు లేచేవి. కోర్టు కేసులు, గొడవలు అయ్యాక 1978లో ఆ కంపెనీ సుమారు 15 లక్షల కార్లను వెనక్కి పిలిచి మార్పులు చేయవలసి వచ్చింది. ఆ దశకంలోనే ఫోర్డు ఈ లెక్కను తన ఫ్యాక్టరీల్లోకి తెచ్చుకుంది. ఇప్పుడు ప్రపంచంలోని పెద్ద కార్ల కంపెనీలకు విడిభాగాలు అమ్మాలంటే ఈ పట్టిక తయారుచేసి చూపించక తప్పదు. మన జిల్లాల నుంచి అలాంటి ఫ్యాక్టరీలకు పనికి వెళ్ళిన ఐ.టి.ఐ. కుర్రవాళ్ళను అడిగితే, షాపులో తమ మిషను దగ్గర దాన్ని చూశామంటారు.

కారుకు ఉన్న ఈ జాగ్రత్త కళ్ళంలో తిరిగే మిషనుకు ఎందుకు ఉండకూడదు?

పట్టిక ఎలా ఉంటుంది?

కాగితం మీద నిలువు గీతలు గీసుకోవాలి. మొదటి గడిలో భాగం పేరు, అది చేయవలసిన పని. రెండో గడిలో అది ఎలా చెడవచ్చు. మూడో గడిలో, చెడితే ఎవరికి ఏమవుతుంది. నాలుగో గడిలో అలా చెడటానికి కారణం. అయిదో గడిలో ఆ తప్పు షెడ్డు దాటకుండా ఆపడానికి ఇప్పుడు ఏం చేస్తున్నారు. ఆ తరువాత మూడు మార్కులు. ఒక్కొక్కటీ 1 నుంచి 10 దాకా.

మొదటి మార్కు తీవ్రత. చిన్న చిరాకు అయితే 1 లేక 2. చెయ్యో ప్రాణమో పోయేదైతే 9 లేక 10. రెండోది తరచుదనం. ఎప్పుడో అరుదుగా జరిగేదానికి తక్కువ, ప్రతి సీజనులో జరిగేదానికి ఎక్కువ. మూడోది దొరక్కపోవడం. తప్పు కంటికి ఇట్టే కనిపించి షెడ్డులోనే పట్టుబడితే 1, ఎవరూ చూడకుండా కళ్ళందాకా వెళ్ళిపోయేదైతే 10. మూడూ కలిపి గుణిస్తే వచ్చే సంఖ్యను బట్టి దేన్ని ముందు సరిచేయాలో చూసుకుంటారు.

ఇక నూర్పిడి మిషను దగ్గరకు వద్దాం.

మూరతో కొలిస్తే తెలిసేది

పనలు లోపలికి పెట్టే రేకు గాడిని చూటు అంటారు. దాని పని రెండు విధాలు. పనలను డ్రమ్ము దాకా చేర్చాలి. మనిషి చేతిని డ్రమ్ము దాకా చేరనివ్వకూడదు. మొదటి పని అందరికీ గుర్తుంటుంది. రెండో పనిని తయారుచేసేవాడు మరిచిపోతే ఎవరూ గుర్తుచేయరు.

చూటు పొట్టిగా ఉండి, పైన కప్పు లేకపోతే పనలు తోసే చెయ్యి డ్రమ్ము పళ్ళ దాకా వెళ్ళగలదు. వెళ్ళగలిగితే ఏదో ఒకనాడు వెళ్ళే తీరుతుంది. డ్రమ్ము నిమిషానికి 600 సార్లు తిరుగుతుందనుకుంటే, సెకనుకు 10 చుట్లు అన్నమాట. ప్రమాదం గ్రహించి చెయ్యి వెనక్కి లాగడానికి మనిషికి కనీసం సెకనులో అయిదో వంతు పడుతుంది. ఈలోగా డ్రమ్ము రెండు చుట్లు తిరిగిపోతుంది. పైగా పన చేతిలో ఉండగానే డ్రమ్ము దాన్ని గుంజుకుంటుంది. పనతోపాటు చేతినీ గుంజుతుంది. ఇక్కడ జాగ్రత్త అన్న మాటకు చోటు లేదు. ఎంత జాగ్రత్తపరుడైనా సెకనును సాగదీయలేడు.

నూర్పిడి మిషన్ల భద్రతకు మన దేశంలో ఐ.ఎస్. 9020 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం చూటు పొడవు 90 సెంటీమీటర్లకు తగ్గకూడదు. అందులో డ్రమ్ము వైపు 45 సెంటీమీటర్ల మేర పైకప్పు ఉండాలి. ఈ అంకెలు గుర్తుపెట్టుకోవడం కష్టమనిపిస్తే ఊరి కొలతలో చెప్పుకోవచ్చు. మోచేతి నుంచి వేలి కొస దాకా మూర. అది ఇంచుమించు 45 సెంటీమీటర్లు. కాబట్టి చూటు రెండు మూరలు, కప్పు ఒక మూర. భుజం నుంచి వేలి కొస దాకా చాచినా మనిషి చెయ్యి రెండు మూరలు రాదు. కప్పు ఉండటం వల్ల పైనుంచి వంగి లోపలికి చెయ్యి పెట్టడానికీ వీలుండదు. చెయ్యి డ్రమ్మును అందుకోలేదు. మొత్తం భద్రత ఆ నాలుగు వేళ్ళ తేడాలోనే ఉంది.

మరి చూట్లు పొట్టిగా ఎందుకు తయారవుతాయి? ఎవరికో కూలీల మీద పగ ఉండి కాదు. రేకు ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున వస్తుంది. నాలుగంగుళాలు తగ్గిస్తే అదే రేకులో మరో ముక్క కలిసివస్తుంది. కప్పు మానేస్తే ఇంకొంత ఆదా. ధర తగ్గితే కొనేవాడికీ సంతోషమే. కొలబద్ద పెట్టి కోసేవాడు ఒకడైతే, కంటి అంచనాతో కోసేవాడు మరొకడు.

దీన్నే పట్టికలో రాద్దాం. ఈ మార్కులు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే. చూటు పొట్టిది కావడం: తీవ్రత 9. కంటి అంచనాతో కోస్తున్నారు కాబట్టి తరచుదనం 6. షెడ్డులో ఎవరూ కొలిచి చూడటం లేదు కాబట్టి దొరక్కపోవడం 8. గుణిస్తే 432. ఇప్పుడు షెడ్డులో రెండు పనులు చేశారనుకుందాం. రేకు కోయడానికి ఇనుప అచ్చు ఒకటి చేసి పెట్టారు. ఇక కంటి అంచనా లేదు. తరచుదనం 2కు దిగింది. మిషను గేటు దాటేముందు 90 సెంటీమీటర్ల కర్ర ఒకటి చూటులో పెట్టి చూసే ఏర్పాటు చేశారు. పొట్టి చూటు అక్కడే దొరికిపోతుంది. దొరక్కపోవడం 3కు దిగింది. ఇప్పుడు గుణిస్తే 54.

432 నుంచి 54కు వచ్చింది. అయిన ఖర్చు ఒక అచ్చు, ఒక కర్ర. తీవ్రత మాత్రం 9 దగ్గరే ఉండిపోయిందని గమనించాలి. ప్రమాదం అరుదు అయినంత మాత్రాన చేతి విలువ తగ్గదు.

'కూలీ అజాగ్రత్త' అని రాయకూడదు

పట్టికలో అన్నిటికంటే కష్టమైన గడి నాలుగోది. కారణం. అక్కడ 'పనివాడి అజాగ్రత్త' అని రాసేయడం చాలా తేలిక. కాని ఆ మాట రాయగానే లెక్క ఆగిపోతుంది. అజాగ్రత్తను ఏ వెల్డింగు మేస్త్రీ సరిచేయలేడు. అలసట, నిద్ర, తొందర మనిషికి సహజం. వాటిని ముందే ఉన్నవిగా లెక్కలో వేసుకుని, అయినా చెయ్యి తెగకుండా ఉండాలంటే మిషనులో ఏం మారాలి అని అడగడమే ఈ పద్ధతిలోని కీలకం.

ఈ సందర్భంలో జపానులో జరిగిన ఒక సంగతి చెప్పుకోవాలి. 1961లో షిగియో షింగో అనే ఇంజనీరు యమదా ఎలక్ట్రిక్ అనే ఫ్యాక్టరీకి వెళ్ళాడు. అక్కడ చిన్న స్విచ్చి తయారయ్యేది. దానికి రెండు మీటలు, మీటకొక స్ప్రింగు చొప్పున రెండు స్ప్రింగులు. పనివాళ్ళు అప్పుడప్పుడు ఒక స్ప్రింగు పెట్టడం మరిచిపోయేవారు. ఎంత కేకలేసినా కొన్నాళ్ళు బాగుండి మళ్ళీ అదే తంతు. షింగో కేకలు మాన్పించాడు. ప్రతి పనివాడి ముందూ ఒక చిన్న పళ్ళెం పెట్టించాడు. పని మొదలుపెట్టే ముందు డబ్బాలోంచి రెండు స్ప్రింగులు తీసి ఆ పళ్ళెంలో వేసుకోవాలి. స్విచ్చి బిగించాక పళ్ళెంలో స్ప్రింగు మిగిలిందంటే మరిచిపోయినట్టే. అంతటితో సమస్య తీరింది.

ఇలాంటి ఏర్పాట్లకు మొదట్లో 'తెలివితక్కువవాళ్ళ కోసం' అనే అర్థం వచ్చే పేరు ఉండేది. 1963లో ఒక ఫ్యాక్టరీలో ఆ మాట వినగానే ఒక పనిమనిషి తాను అంత తెలివితక్కువదాన్నా అని ఏడ్చింది. షింగో ఆ పేరు తీసేసి 'పొరపాటు జరగనివ్వని ఏర్పాటు' అనే అర్థంలో పోకా-యోకే అని మార్చాడు. ఆ పేరే ప్రపంచమంతా నిలిచింది. పొరపాటు చేసేవాడు తెలివితక్కువవాడు కాడు, మనిషి. మన కళ్ళాల్లో ఈ మాట ఇంకా పూర్తిగా చెవికెక్కలేదు.

కప్పు విప్పేస్తే?

మంచి మిషను కొన్నాక కూడా ప్రమాదం పోదు. కప్పు ఉంటే పనలు అడ్డం పడి పని నెమ్మదిస్తోందని కొందరు బోల్టులు విప్పి కప్పు పక్కన పడేస్తారు. తయారీదారు 'మేం కప్పు ఇచ్చాం, వాళ్ళు తీసేస్తే మాదా తప్పు?' అనవచ్చు. కాని ఈ లెక్క రాసేటప్పుడు 'కప్పు విప్పేయడం' కూడా చెడిపోయే తీరుల్లో ఒకటిగానే రాసుకోవాలి. జరుగుతుందని తెలిసినదాన్ని రాయకపోవడం కళ్ళు మూసుకోవడమే. దానికి మందు కూడా షెడ్డులోనే ఉంది. కప్పును బోల్టులతో కాకుండా వెల్డింగుతో అతికించాలి. పనలు అడ్డం పడకుండా కప్పు ఎత్తు సరిచూడాలి. అడ్డం పడ్డ పనను తోయడానికి ఒక కర్ర మిషనుతోపాటే ఇవ్వాలి. కర్ర తెగితే మరో కర్ర దొరుకుతుంది.

పట్టిక చూటుతో ఆగదు. పుల్లీలూ బెల్టులూ ఇనుప జాలీ లేకుండా తిరుగుతుంటే చీర కొంగు, పంచె అంచు, తువ్వాలు చిక్కుకుంటాయి. ట్రాక్టరు నుంచి మిషనుకు వెళ్ళే తిరుగుడు కడ్డీకి తొడుగు లేకపోతే దాన్ని దాటబోయినవారి బట్ట చుట్టుకుంటుంది. ఇంజను పొగగొట్టం నుంచి నిప్పురవ్వ లేస్తే ఎండిన పొట్టు అంటుకుని కుప్ప కుప్పంతా బూడిద అవుతుంది. నిలబడేచోటు ఎత్తుపల్లాలుగా ఉండి, పన మీదో ఇటుకల మీదో నిలబడవలసి వస్తే కాలు జారి ముందుకు పడటం చూటులోకే. మిషను ఆపే పిడి ట్రాక్టరు డ్రైవరు దగ్గర ఉంటుంది. అతడు పక్కకు వెళితే చెయ్యి చిక్కినవాళ్ళు అరవడమే తప్ప ఆపే దారి లేదు. ఒక్కొక్కటీ పట్టికలో ఒక్కొక్క వరుస. ప్రతి వరుసకూ ఒక మందు, ఆ మందు వేసే మనిషి పేరు, వేయవలసిన తేదీ రాయాలి. పేరూ తేదీ లేని వరుస ఉత్త కాగితమే.

గుణకారం మోసం చేసే చోటు

ఈ లెక్కలోనూ ఒక లొసుగు ఉన్నది. మిషను రంగు ఊడిపోతోందనుకుందాం. తీవ్రత 2. ప్రతి మిషనుకూ ఊడుతోంది, 10. షెడ్డులో తెలియదు, 9. గుణిస్తే 180. అదే డ్రమ్ము పళ్ళను పట్టివుంచే బోల్టు వదులై పన్ను ఎగిరి వచ్చిందనుకుందాం. ప్రాణం తీస్తుంది, తీవ్రత 10. జరిగేది అరుదు, 2. ముందుగా దొరకదు, 8. గుణిస్తే 160. సంఖ్యను మాత్రమే నమ్ముకుంటే ముందు రంగు సంగతి చూసి, తరువాత బోల్టు సంగతి చూడాలి! ఇంతకంటే అన్యాయం ఉండదు.

కార్ల పరిశ్రమ ఈ లొసుగును గుర్తించింది. 2019లో అమెరికా, జర్మనీ కార్ల పరిశ్రమ సంఘాలు కలిసి తెచ్చిన కొత్త పుస్తకంలో గుణకారానికి స్వస్తి చెప్పాయి. ముందు తీవ్రత చూడాలి, తరువాత తరచుదనం, ఆ తరువాతే దొరక్కపోవడం. దాన్ని బట్టి అత్యవసరం, మధ్యస్థం, తక్కువ అని మూడు తరగతులు. ఆ లెక్కన బోల్టు అత్యవసరంలోకి వస్తుంది, రంగు దాని వెనక నిలబడుతుంది. లాక్ నట్టు ఖరీదు ఎంత? ఆ పాటి ఖర్చు దగ్గర ప్రాణాన్ని వెనక వరుసలో నిలబెట్టే లెక్క మనకు అక్కర్లేదు.

రాసి మడిచిపెడితే ఫలితం లేదు

పట్టిక రాసుకున్నంత మాత్రాన రక్ష కాదు. ఈ పద్ధతిలో అందెవేసిన చెయ్యి నాసాది. దాని ఛాలెంజర్ అంతరిక్ష నౌక 1986 జనవరి 28న లేచిన 73 సెకన్లకే ఆకాశంలో ముక్కలైపోయింది. ఏడుగురు మరణించారు. రాకెట్టు కీళ్ళ దగ్గర వేడి వాయువు బయటకు రాకుండా ఆపే రబ్బరు వలయాలు చలికి బిరుసెక్కి పని చేయలేదు. ఆ కీలు విఫలమైతే నౌక, మనుషులు దక్కరని, దానికి మరో ఆసరా లేదని నాసా పట్టికలో 1982 డిసెంబరులోనే మొదటి తరగతి ప్రమాదంగా రాసి ఉన్నది. అయినా మినహాయింపు ఇచ్చి నౌకలను పంపుతూనే వచ్చారు. వలయాలు కాలిన గుర్తులతో తిరిగి వచ్చినా 'ఇన్నిసార్లు ఏమీ కాలేదు కదా' అనుకున్నారు. ముందు రోజు రాత్రి రాకెట్టు తయారుచేసిన కంపెనీ ఇంజనీర్లు ఈ చలిలో వద్దని మొత్తుకున్నా వినలేదు.

'ఇన్నాళ్ళూ ఏం కాలేదు కదా' అన్న మాట కళ్ళంలోనూ వినిపించేదే.

మన దగ్గరి సంగతి ఇంకా బాధాకరం. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం శివార్లలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఎగజిమ్మింది. నిద్రలో ఉన్న ఊరి మీద కమ్ముకుంది. 12 మంది ప్రాణాలు పోయాయి. వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు. స్టైరీన్ చల్లగా ఉండాలి. వేడెక్కితే తనలో తానే గట్టిపడటం మొదలై ఇంకా వేడెక్కుతుంది. రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ ఆ ఏడాది జూలైలో నివేదిక ఇచ్చింది. ట్యాంకులో వేడిని కొలిచే సాధనం అడుగున మాత్రమే ఉన్నదని, పై భాగం ఎంత వేడెక్కిందో తెలుసుకునే ఏర్పాటు లేదని, సైరను ఉన్నా మోగలేదని అందులో బయటపడింది.

పట్టిక భాషలో చెప్పాలంటే: తీవ్రత 10. దొరక్కపోవడం 10. 'పైన వేడెక్కితే మనకెలా తెలుస్తుంది?' అన్న ఒక్క ప్రశ్నకు ముందే జవాబు రాసి ఉంటే, ఆ జవాబు ప్రకారం చేసి ఉంటే, ఆ ఊరి కథ మరోలా ఉండేది.

చట్టం ఉన్నది, అడిగేవాళ్ళు కావాలి

నూర్పిడి మిషన్ల విషయంలో ప్రభుత్వం బొత్తిగా ఊరుకోలేదు. హరిత విప్లవంతో ఉత్తరాదిన గోధుమ నూర్పిడి మిషన్లు విపరీతంగా పెరిగి, చేతులు పోగొట్టుకున్నవారు పెరిగాక 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది. నూర్పిడి మిషనును ప్రధానంగా దృష్టిలో పెట్టుకున్న చట్టమది. ఇలాంటి యంత్రాల తయారీని, అమ్మకాన్ని అదుపులో పెట్టడం, ప్రమాదంలో గాయపడిన, మరణించిన కూలీలకు నష్టపరిహారం ఇప్పించడం దాని ఉద్దేశం. చట్టం చేసిన వాళ్ళు తప్పంతా కూలీ నెత్తిన వేయలేదన్నమాట.

పశువుల మేత కోసే మిషన్ల మీద ఢిల్లీ ఐ.ఐ.టి. పరిశోధకులు చేసిన పని ఇందుకు మంచి ఉదాహరణ. ఆ మిషన్ల దగ్గర పెద్దవాళ్ళతోపాటు ఆడుకునే పిల్లల వేళ్ళూ తెగేవి. పరిశోధకులు ఉత్తరాది గ్రామాలు తిరిగి వేళ్ళు ఎక్కడ, ఎలా తెగుతున్నాయో రాసుకున్నారు. తరువాత మిషనులో మార్పులు సూచించారు. వేళ్ళు లోపలికి పోయేలోగా తగిలి హెచ్చరించే ఒక రోలరు, కత్తులకు అడ్డుగా ఒక రేకు, పని లేనప్పుడు చక్రం తిరగకుండా ఒక గొళ్ళెం. పిల్లలను కట్టేయడం కుదరదు కాబట్టి చక్రాన్ని కట్టేశారు.

మన పట్టణాల్లో నూర్పిడి మిషన్లు చేసే చిన్న షెడ్లకూ ఇది చేతకాని పనేం కాదు. సీజనుకు ముందు ఒక పూట చాలు. షెడ్డు యజమాని, వెల్డింగు మేస్త్రీ, ట్రాక్టరు డ్రైవరు, మిషను కొన్న రైతు ఒకచోట కూర్చోవాలి. వారితోపాటు తప్పకుండా ఉండవలసింది చూటు ముందు నిలబడి పనలు పెట్టే మనిషి. చెయ్యి ఎక్కడిదాకా వెళుతుందో, ఏ వేళకు కునుకు వస్తుందో, పన ఎక్కడ అడ్డం పడుతుందో తెలిసింది ఆమెకే. ఆమె మాట లేని పట్టిక సగం ఖాళీగా ఉన్నట్టే లెక్క.

కొనేవారూ, అద్దెకు పిలిచేవారూ చూడవలసినవి

మిషను కళ్ళంలోకి రాగానే ఈ సంగతులు చూసుకోవాలి.

చూటు రెండు మూరలు ఉందా? డ్రమ్ము వైపు కప్పు మూరెడు ఉందా, లేక విప్పేశారా?

పుల్లీలకు, బెల్టులకు జాలీ, తిరుగుడు కడ్డీకి తొడుగు ఉన్నాయా?

డ్రమ్ము బోల్టులు బిగించి ఉన్నాయా? మిషను ఆగి ఉన్నప్పుడే చూడాలి.

నిలబడేచోటు చదునుగా, గట్టిగా ఉందా? రాత్రి అయితే చూటు మీద వెలుతురు పడుతోందా?

పనలు పెట్టేవారిని గంట గంటకూ మార్చడానికి మనిషి ఉన్నారా? వదులు చొక్కా చేతులు, జారే కొంగు బిగించుకున్నారా?

ఆపమని కేక వేస్తే వెంటనే ఆపడానికి డ్రైవరు పిడి దగ్గరే ఉంటాడా?

ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా మిషను మొదలుపెట్టనివ్వకూడదు. అద్దె ఇచ్చేది రైతు కాబట్టి అడిగే హక్కూ రైతుదే. పది కళ్ళాల్లో పదిమంది అడిగితే మిషను యజమాని కప్పు వేయించుకు వస్తాడు. పదిమంది యజమానులు అడిగితే షెడ్డువాడు అచ్చు మారుస్తాడు. పెద్ద కంపెనీల చేత కూడా ఈ లెక్క రాయించింది అడిగే జనమే.

కొలవడానికి టేపు అక్కర్లేదు. మిషను ఆగి ఉన్నప్పుడు మోచేయి చూటు అంచున ఆనించి రెండుసార్లు కొలిస్తే చాలు. ఆ కొలతకు కావలసిన చెయ్యి ఈ రోజుకు ప్రతివారికీ ఉన్నది.